మోటారు సైకిలుపై గాలి కుదుపు: విండ్‌షీల్డులు, ఫెయిరింగులు

మోటారు సైకిలు వేగం అందుకున్నాక గాలి చోదకుడి తలను, భుజాలను ఒకే తీరుగా నెట్టకుండా అటొక దెబ్బ ఇటొక దెబ్బగా కొడుతూ ఉండడమే గాలి కుదుపు. ఒకే దిక్కు నుంచి వచ్చే గాలి ఎంత బలంగా ఉన్నా మెడ కాసేపటికి సర్దుకుంటుంది. సెకనుకు పది సార్లు తీరు మార్చుకునే గాలికి మాత్రం సర్దుకోలేదు. హెల్మెట్ వణుకుతుంది, చూపు చెదురుతుంది, చెవుల్లో హోరు నిండుతుంది, గంట ప్రయాణానికే మెడ పట్టేస్తుంది. దీన్ని తగ్గించడానికి హ్యాండిల్ ముందు నిలబెట్టే పారదర్శకమైన పలకను విండ్‌షీల్డు అంటారు. హెడ్‌లైటు చుట్టూ, ట్యాంకు పక్కన, కొన్ని బళ్ళలో ఇంజను కింది దాకా కప్పే తొడుగు ఫెయిరింగు. స్పేర్‌పార్టుల షాపుల్లో హెడ్‌లైటు తొడుగును డూమ్ అనీ, దాని మీది గ్లాసును వైజర్ అనీ అడుగుతారు. చాలా బళ్ళ మీద కుదుపును పుట్టించేది కూడా ఈ గ్లాసే. పెద్ద గ్లాసు వేస్తే గాలి తక్కువ తగులుతుందన్న మాట నిజమే. కుదుపు కూడా తగ్గుతుందన్నది మాత్రం సగం నిజం. ఎందుకో అనకాపల్లి చుట్టుపక్కల రోడ్ల లెక్కతో చూద్దాం.

అనకాపల్లి రోడ్లు, అక్కడి గాలి

బెల్లం మార్కెట్టుతో పేరుపడ్డ అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. పరవాడ ఫార్మాసిటీకి, అచ్యుతాపురం సెజ్‌కి, గాజువాక వైపు ఉక్కు కర్మాగారానికి షిఫ్టులకు పోయేవాళ్ళలో ఎంతోమందికి బండే ఆధారం. కోల్‌కతా నుంచి చెన్నై పోయే 16వ నంబరు జాతీయ రహదారి, అంటే పాత 5వ నంబరు, ఊరి పక్కనుంచే సాగుతుంది. అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా దాదాపు 51 కి.మీ. ఆరు వరసల రోడ్డు వచ్చాక, ఊళ్ళో 40 దాటని బళ్ళు కూడా అక్కడ 80 అందుకుంటున్నాయి. కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు, అంతకు మించిన వరసల రోడ్ల మీద మోటారు సైకిలుకు గరిష్ఠ వేగం గంటకు 80 కి.మీ.; పురపాలక పరిధిలోనూ మిగతా రోడ్ల మీదా 60. విండ్‌షీల్డుల గురించి విదేశాల్లో రాసిన సలహాలు చాలావరకు 110, 130 వేగాలను మనసులో పెట్టుకుని రాసినవి. మన లెక్క 60కీ 80కీ మధ్య.

అయితే బండి వేగం వేరు, గాలి వేగం వేరు. అనకాపల్లి నుంచి యలమంచిలి, తుని వైపు రహదారి నైరుతి దిశగా పోతుంది. ఎండాకాలం మొదలుకొని వానాకాలం చివరి దాకా ఈ తీరంలో ఎక్కువగా వీచేది నైరుతి గాలే. అంటే తుని పోయేవాడికి ఆ నెలల్లో గాలి నేరుగా ముఖానికి తగులుతుంది. 20 కి.మీ. ఎదురు గాలిలో 80తో పోతే ఛాతీకి తగిలేది 100 కి.మీ. గాలి. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి వీచి 60 అవుతుంది. పొద్దున తుని పోయి సాయంత్రం తిరిగొచ్చినవాడు, పోయేటప్పుడు బండి బాగా ఊగిందనీ వచ్చేటప్పుడు నున్నగా వచ్చిందనీ చెబితే బండిని అనుమానించనక్కర్లేదు. దక్షిణంగా అచ్యుతాపురం పోయే రోడ్డు మీద ఇదే గాలి కుడివైపు ముందునుంచి ఏటవాలుగా వస్తుంది. 60తో పోయే బండికి 20 కి.మీ. నైరుతి గాలి తోడైతే, తగిలే గాలి ముక్కుసూటికి 10 డిగ్రీలకు పైగా పక్కకు జరుగుతుంది. గ్లాసు చాటు ఎడమ చెవికి దక్కి కుడి చెవికి దక్కదు. చలికాలంలో ఈశాన్యపు గాలి కాబట్టి లెక్క తిరగబడి, సబ్బవరం వైపు పోయేవాడికి ఎదురవుతుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుఫాను రోజుల సంగతి దీనికి బయటిది. ఆ గాలికి ఏ గ్లాసూ మందు కాదు, బండి తీయకపోవడమే.

గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నిటారుగా కూర్చున్న మనిషి, మామూలు కమ్యూటర్ బండి కలిపి చూస్తే 40 కి.మీ. దగ్గర తోపు సుమారు 4 కిలోల బరువంత, 60 దగ్గర 9, 80 దగ్గర 16, 100 దగ్గర 25. దాన్ని దాటడానికి ఇంజను పెట్టాల్సిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది: 80కి నాలుగున్నర, ఐదు హార్స్‌పవర్ మధ్య, 100కి తొమ్మిది పైన. 97.2 సీసీ స్ప్లెండర్ ఇంజను ఇచ్చేది సుమారు 8. ఆ బండి 90 దగ్గర ఆగిపోవడానికి కారణం బండి బరువు కాదు, గాలి. ఎదురు గాలిలో 80తో పోతుంటే మైలేజి ఎందుకు పడిపోతుందో కూడా ఈ అంకెల్లోనే ఉంది.

కుదుపు ఎక్కడ పుడుతుంది

అనకాపల్లి పక్క శారదా నదిలో నీరున్నప్పుడు వంతెన మీద నుంచి కిందికి చూస్తే, స్తంభానికి ముందు నీళ్ళు నున్నగా వచ్చి, దాటాక వెనకవైపు కుడి ఎడమలుగా సుడులు విడుస్తూ పోతాయి. గ్లాసు వెనక గాలి చేసేదీ ఇదే. పలక అంచు దాకా గాలి దానికి ఆనుకుని పాకుతుంది. అంచు దగ్గర పట్టు విడిచిపోతుంది. పైన వేగంగా పోయే గాలికీ, పలక చాటున దాదాపు నిలిచిపోయిన గాలికీ మధ్య పలుచని పొర ఒకటి ఏర్పడుతుంది. ఆ పొర నిలకడగా ఉండలేక చుట్ట చుట్టుకుని సుడులవుతుంది. సుడులు ఏ లెక్కన విడతాయో చెక్ శాస్త్రవేత్త విన్సెంక్ స్ట్రౌహాల్ 1878లోనే కనిపెట్టాడు. వాటి వరసల సిద్ధాంతాన్ని థియొడోర్ ఫాన్ కార్మాన్ 1911లో ఇచ్చాడు. ఆ లెక్క ప్రకారం 40 సెం.మీ. వెడల్పున్న గ్లాసు 80 కి.మీ. వేగంలో సెకనుకు 8 నుంచి 11 సుడులు విడుస్తుంది. హెల్మెట్ వణికే లయ ఇదే.

దీన్నిబట్టి గ్లాసు వెనక గాలి మూడు రకాలు. పైన శుభ్రమైన గాలి, కింద చాటు, రెంటికీ మధ్య సుడుల పొర. తల పూర్తిగా పైన ఉన్నా సుఖమే, పూర్తిగా చాటులో ఉన్నా సుఖమే. మధ్య పొరలో ఉంటేనే కష్టం. మనిషి ఎత్తుతో సంబంధం లేకుండా కంపెనీ ఒకే గ్లాసు వేసి అమ్ముతుంది. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి చాటైన గ్లాసు ఆరడుగుల మనిషి గడ్డం కింద సుడులు విడుస్తుంది. అందుకే ఒకే బండి గురించి ఇద్దరు స్నేహితులు రెండు మాటలు చెబుతారు, ఇద్దరూ నిజమే చెబుతారు.

రెండో కారణం అంతగా ఎవరికీ తట్టదు. గ్లాసు వెనక ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఖాళీని నింపడానికి గాలి కిందనుంచి, ఫోర్కులకూ ట్యాంకుకూ మధ్య సందులోంచి పైకి దూసుకొస్తుంది. వెనకనుంచి కూడా వస్తుంది. ఎత్తైన గ్లాసు పెట్టించుకున్నవాళ్ళు చొక్కా వీపు వైపునుంచి ముందుకు ఎగురుతోందనీ, ఎవరో వీపు మీద తోస్తున్నట్టుందనీ, వానలో నీళ్ళు గ్లాసు లోపలి వైపు పడుతున్నాయనీ చెప్పేది ఈ వెనక్కి తిరిగే గాలి గురించే. ఇలాంటప్పుడు గ్లాసు ఇంకా పెంచితే చాటు వెనక ఒత్తిడి ఇంకా తగ్గి, కిందినుంచి వచ్చే ఊపు ఇంకా పెరుగుతుంది. డబ్బు పెట్టి కుదుపు కొనుక్కోవడమంటే ఇదే.

మూడోది బండిది కాదు, రోడ్డుది. గంగవరం, విశాఖ ఓడరేవుల సరుకు మోసే లారీలు, ట్రెయిలర్లు రాత్రీ పగలూ ఈ రహదారి మీదే. లారీ వెనక గాలి చిందరవందరగా ఉంటుంది. దాని వెనకే చాలాసేపు పోతే ఎంత మంచి గ్లాసున్నా తల ఊగుతూనే ఉంటుంది. దాటడానికి పక్కకు తీయగానే ఎదురు గాలి ఒక్కసారిగా తగులుతుంది. లారీ పొడవునా పోతున్నప్పుడు బండి దాని వైపు లాగినట్టు అనిపిస్తుంది. క్యాబిన్ ముందుకు వచ్చేసరికి లారీ ముక్కు తోసే గాలి బండిని అవతలికి నెడుతుంది. పట్టుమని కొన్ని సెకన్లలో మూడు రకాల గాలి. హ్యాండిల్ బిగదీసి పట్టుకున్నవాడి చేతుల్లోంచే ఆ ఊపు ముందు చక్రానికి చేరుతుంది. మోకాళ్ళతో ట్యాంకును నొక్కి, చేతులు వదులుగా ఉంచినవాడి బండి తక్కువ ఊగుతుంది. ఇది ఏ గ్లాసూ చేయలేని పని.

సరిచేసే పద్ధతులు

మొదట చేయాల్సింది గ్లాసు తీసేసి అదే రోడ్డు మీద, అదే వేగంతో ఒకసారి పోయి చూడడం. ఛాతీకి గాలి గట్టిగానే తగులుతుంది, కానీ హెల్మెట్ నిలకడగా ఉంటే కుదుపు గ్లాసుదేనని తేలిపోయినట్టే. రెండో పరీక్ష ఫుట్‌రెస్టుల మీద కొద్దిగా లేచి చూడడం. ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలోనే సుమా. రెండు మూడు అంగుళాలు లేవగానే హోరు తగ్గితే తల సుడుల పొరలో ఉన్నట్టు. గ్లాసు దించినా సరే, ఇంకా పెంచినా సరే. వంగితే తగ్గితే పెంచాలి.

గాలి ఎటు పోతోందో కంటితో చూడడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. వేలెడు పొడవున్న ఉన్ని దారాలు ఓ ఇరవై కత్తిరించి, గ్లాసు పై అంచు వెంబడి, పక్కల, ట్యాంకు మీద, హెల్మెట్ నుదుటి మీద టేపుతో ఒక చివర అంటించాలి. వెనకనో పక్కనో మరో బండి మీద కూర్చున్న మనిషి ఫోన్లో వీడియో తీయాలి. నున్నగా పోయే గాలిలో దారం గీత గీసినట్టు వెనక్కి నిలబడుతుంది. సుడుల్లో ఉన్నది గిరగిర తిరుగుతుంది. ట్యాంకు మీది దారం ముందుకు తిరిగి నిలబడిందంటే వెనక్కి తిరిగే గాలి ఉన్నట్టు. విమానాల గాలి సొరంగాల్లో ఈ ఉన్ని దారాల పద్ధతి దశాబ్దాలుగా వాడుకలో ఉంది.

కుదుపు పోవాలంటే చాలాసార్లు కావలసింది గ్లాసు కింద సందు. హెడ్‌లైటుకూ గ్లాసు అడుగుకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టేంత సందు వదిలితే కొంత గాలి లోపలికి వచ్చి ఒత్తిడి తేడాను తగ్గిస్తుంది. సుడులు మెత్తబడతాయి. కొన్ని పెద్ద టూరింగ్ బళ్ళ గ్లాసుకు నడుమ రంధ్రం పెట్టేది ఇందుకే. వాషర్లు వేసి గ్లాసును ముందుకు జరపడం అన్నిటికన్నా చవకైన మార్గం. పై అంచుకు చిన్న పెదవిలా ఒంపు తిప్పినా, క్లిప్పుతో బిగించే చిన్న అదనపు పలక పెట్టినా సుడుల పొర తల మీదుగా పోతుంది. కిందినుంచి వచ్చే గాలిని ఫోర్కుల పక్కన చిన్న పలకలు ఆపుతాయి. చేతులకు హ్యాండ్ గార్డులు చాలు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. అన్నీ కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పొడవాటి గ్లాసు ఎత్తు విషయంలో నికరమైన నియమం ఒకటుంది. గ్లాసు పై అంచు కంటి చూపుకు కొద్దిగా కింద, రమారమి ముక్కు ఎత్తులో ఉండాలి. గ్లాసు మీదుగా చూడాలి గాని, గ్లాసులోంచి చూడకూడదు. వాన చుక్కలు నిలిచిన గ్లాసు మీద ఎదురు లారీ హైబీమ్ పడితే రోడ్డంతా తెల్లటి మరకే. వెనక మనిషినో, బస్తానో ఎక్కిస్తే వెనక స్ప్రింగులు కుంగి గ్లాసు వాలు మారుతుంది. అందుకే ఎప్పుడూ మోసే బరువుతో కూర్చునే ఎత్తు చూసుకోవాలి.

గ్లాసు హ్యాండిల్‌కు బిగించారా, ఛాసిస్‌కు బిగించారా అన్నది కూడా చూడాలి. హ్యాండిల్ మీది గ్లాసుకు తగిలే గాలి నేరుగా స్టీరింగు మీద పడుతుంది. పక్క గాలిలో, లారీ దాటేటప్పుడు హ్యాండిల్ ఊగుతుంది. ఛాసిస్‌కు బిగించిన ఫెయిరింగు ఆ భారాన్ని బండి మొత్తం మీద వేస్తుంది. సాదా కమ్యూటర్ బండి హ్యాండిల్‌కు మూరెడు ఎత్తు గ్లాసు బిగించుకుని రహదారి ఎక్కడం నా దృష్టిలో మంచి పని కాదు.

ఫెయిరింగులు ఎలా వచ్చాయి

ఇటలీలో మోటో గుజ్జీ కంపెనీ 1950లో మాండెల్లో ఊళ్ళోని తన ఫ్యాక్టరీలో, బండినీ మనిషినీ కలిపి పరీక్షించేంత గాలి సొరంగం కట్టుకుంది. ఆ రోజుల పందేల బళ్ళు ముందు చక్రాన్ని కూడా కప్పే పెద్ద తొడుగులతో తిరిగేవి. నేరు గాలిలో వేగం ఇచ్చినా పక్క గాలికి బండిని లాగేసేవి. 1957 సీజను తర్వాత అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్య వాటిని నిషేధించింది. దూర ప్రయాణాల వైపునుంచి చూస్తే, హార్లీ డేవిడ్‌సన్ 1969లో ఎలక్ట్రా గ్లైడ్‌కు ఫోర్కుల మీది పెద్ద ఫెయిరింగు ఇచ్చింది. 1971లో అమెరికాలో క్రెయిగ్ వెటర్ తెచ్చిన విండ్‌జామర్ ఛాసిస్‌కు బిగించేది. రకరకాల కంపెనీల బళ్ళకు సరిపోయేది. 1976లో బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ పినిన్‌ఫరీనా గాలి సొరంగంలో తీర్చిదిద్దిన పూర్తి ఫెయిరింగుతో ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. అక్కడినుంచి ఫెయిరింగు అలంకారం కాకుండా బండి డిజైన్‌లో భాగమైంది.

మన దేశంలో జనానికి మొదట గాలి చాటు ఇచ్చినది స్కూటరు. వెస్పాకు రూపమిచ్చిన కొరాడినో డాస్కానియో విమానాల ఇంజనీరు, హెలికాప్టర్ల మీద పనిచేసినవాడు. 1946 నాటి ఆ బండి ముందు రేకు కాళ్ళకు గాలీ బురదా తగలకుండా చూసింది. బజాజ్ చేతక్ కాలంలో ఆ రేకు పైన పారదర్శకమైన గ్లాసు బిగించుకున్న స్కూటర్లు ఊరూరా కనబడేవి. మోటారు సైకిళ్ళలో 2003లో హీరో హోండా కరిజ్మా సగం ఫెయిరింగుతో, 2008లో యమహా ఆర్15 పూర్తి ఫెయిరింగుతో కుర్రకారును పట్టుకున్నాయి. ఆర్15 మీద పడుకున్నట్టు వంగితేనే గ్లాసు చాటు దొరుకుతుంది. నిటారుగా కూర్చుంటే సుడులు నేరుగా ఛాతీకి, గడ్డానికి వస్తాయి. పందెపు బండిని ఆఫీసుకు తీసుకుపోతే వచ్చే చిక్కు ఇది. దూరాలకు ఆలోచించి పెట్టిన చిన్న గ్లాసు 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌తో మామూలు ధరల్లోకి వచ్చింది. అదే కంపెనీ 2020 నవంబరులో తెచ్చిన మీటియర్ 350లో సూపర్‌నోవా రకానికి విండ్‌స్క్రీన్ బండితోనే ఇచ్చారు.

ఎండ, చలి, వెనక మనిషి

పాశ్చాత్య గ్రంథాల్లో లేని ఒక లెక్క మనకుంది. మే నెలలో సముద్రపు ఉక్కలో చెమట ఆరాలంటే గాలి తగలాలి. పెద్ద గ్లాసు చాటున చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది. పూర్తి ఫెయిరింగు బళ్ళలో ఇంజను వేడి తొడల మీదికి వస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు వేడిగా ఉండే ఈ తీరంలో, ఛాతీ మీది గాలిని సగం తగ్గించి తలను శుభ్రమైన గాలిలో వదిలే పొట్టి గ్లాసే సరైనదని నా అభిప్రాయం. చలికాలంలో నర్సీపట్నం దాటి లంబసింగి ఎక్కేవాళ్ళ సంగతి వేరు. 5 డిగ్రీల చలిలో 40 కి.మీ. వేగంతో పోతే ఒంటికి సున్నాకు కాస్త కింద ఉన్నట్టు తెలుస్తుంది. అక్కడ గ్లాసు కన్నా ముందు చేతులకు గ్లవ్స్ కావాలి. మొద్దుబారిన వేళ్ళు బ్రేకు లివరును సమయానికి పట్టవు.

చోదకుడి తల మీదుగా దాటించిన సుడుల పొర వెనక కూర్చున్నవారి ముఖానికి తగులుతుంది. ఒక పక్కకు కూర్చున్న ఆడవాళ్ళకు చీర కొంగు, చున్నీ రెపరెపలు తోడవుతాయి. అవి చక్రంలో పడే ప్రమాదం గాలి కుదుపు కన్నా పెద్దది. నాలుగేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్, చోదకుడికి కట్టి ఉంచే హార్నెస్ ఉండాలని, వాళ్ళుంటే బండి 40 దాటకూడదని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నియమం పెట్టింది. ఆ వేగంలో కుదుపు ప్రశ్నే రాదు.

హెల్మెట్టు గ్లాసంత ముఖ్యం. వదులుగా ఉన్నది, వైజర్ లేని టోపీ లాంటిది, ముందు పొడవాటి చూరున్నది ఎంత మంచి గ్లాసు వెనకైనా ఊగుతాయి. ఐఎస్ఐ గుర్తున్న ఫుల్‌ఫేస్ హెల్మెట్టును గడ్డం పట్టీ బిగించి పెట్టుకుంటే సగం ఫిర్యాదులు పోతాయి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేనివి తయారుచేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. శబ్దం సంగతీ చిన్నది కాదు. 100 కి.మీ. గాలిలో హెల్మెట్ లోపల హోరు 95 డెసిబెళ్ళు దాటగలదు. రోజుకు ఎనిమిది గంటల పనికి చెవికి సురక్షితమని చెప్పే హద్దు 85.

గ్లాసులు రెండు రకాల ప్లాస్టిక్‌తో చేస్తారు. అక్రిలిక్ తేటగా ఉంటుంది, గీతలు తక్కువ పడతాయి, కానీ దెబ్బ తగిలితే పగులుతుంది. పాలికార్బొనేట్ పగలదు, గీతలు మాత్రం తొందరగా పడతాయి. పెట్రోలు ఒలికితే మసకబారి నెర్రెలిస్తుంది. పొడి గుడ్డతో దుమ్ము తుడవడం రెంటికీ శత్రువే. ముందు నీళ్ళు పోసి, తర్వాతే మెత్తటి గుడ్డ. సైన్‌బోర్డు అక్రిలిక్ ముక్కను కోయించి బిగించుకునేవాళ్ళున్నారు. అంచు గుండ్రంగా నునుపు చేయించకపోతే పడ్డప్పుడు అది కత్తి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. కాబట్టి కంపెనీయే అమ్మే గ్లాసు, అది దొరకకపోతే హెడ్‌లైటునూ ఇండికేటర్లనూ నంబరు ప్లేటునూ కప్పని గ్లాసు తీసుకోవడం మేలు.

కొనేటప్పుడు గ్లాసు కన్నా బ్రాకెట్టును ముందు చూడండి. ఎత్తు, వాలు రెండూ మార్చుకునే వీలుండాలి. స్క్రూలు ఇంట్లో ఉన్న పానాలతోనే విప్పేలా ఉండాలి. జూన్‌లో తుని పోవడానికి కుదిరిన ఎత్తు డిసెంబరులో అదే దారికి కుదరకపోవచ్చు.